అతిథి వక్తకు ఆఖరి రెండు నిమిషాలు

అతిథి వక్తను పిలిచి, మాట్లాడనివ్వకుండా పంపించే సేవా క్లబ్బులు మానవజాతికి మహోపకారం చేస్తున్నాయి! నవ్వకండి. ఒట్టేసి చెబుతున్నాను.

కాస్త ఆలోచించండి. వక్త మాట్లాడితే ఏమవుతుంది? మనకు తెలియనిదేదో తెలుస్తుంది. తెలిశాక ఊరుకోగలమా? ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. కాలక్షేపానికని సేవా క్లబ్బులో చేరిన పెద్దమనిషి చేత నిజంగానే సేవ చేయించడం ఎంత దారుణం!

నేనెరిగిన క్లబ్బొకటి ఈ విద్యలో ఆరితేరిపోయింది. ఒకసారి పళ్ల డాక్టర్ని పిలిచి, ఆయన నోరు తెరిచేలోపే సభ ముగించింది. తేనెటీగలు పెంచే ఆయన పెట్టెతో సహా వస్తే, ఆయన్ని సభకు పరిచయం చెయ్యడం పూర్తయ్యేసరికి పెట్టెలో ఒక తరం గతించి, మనవలు ఎగరడం నేర్చుకున్నాయి. ఇంకోసారి ఒక మాస్టారు వచ్చి కూర్చున్నారట. మైకు ఆయన చేతికి అందేసరికి ఆయన రిటైరైపోయారట. ఇది మాత్రం నేను కళ్లారా చూడలేదు కాబట్టి ఒట్టు వెయ్యను.

అలాంటి క్లబ్బుకి కిందటి నెల ఒక లిఫ్ట్ మెకానిక్ అతిథి వక్తగా వచ్చాడు. సభ రెండు రోజుల్లో ఉందనగా, అసలు రావాల్సిన ప్రొఫెసరు గారికి జలుబు చేసింది. సెక్రటరీ కంగారుగా మెట్ల దగ్గరికొస్తే ఎదురుగా కనబడ్డవాడు ఈ మెకానిక్. "ఎత్తులకు ఎదగడం ఎలా అనే అంశం మీద మాట్లాడాలయ్యా. నీకంటే అర్హుడెవడు?" అన్నాడు సెక్రటరీ.

మెకానిక్ ఎగిరి గంతేశాడు. ఎదుగుదల మీద మోజుతో కాదండీ! ఆ క్లబ్బు కూడేది నాలుగో అంతస్తు హాల్లో. ఆ బిల్డింగు ఓనరే క్లబ్బు ప్రెసిడెంటు. ఆ బిల్డింగు లిఫ్టుకి బ్రేకు అరిగిపోయింది. ఆ సంగతి చెబుతూ మెకానిక్ ఓనరుకి మూడు ఉత్తరాలు రాశాడు, జవాబు లేదు. లిఫ్ట్ ఆపేసి 'ఎక్కరాదు' అని అట్ట తగిలిస్తే, అట్ట తీసేసి మళ్లీ నడిపించారు.

ఆ లిఫ్టులో రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగేది ఎవరనుకున్నారు? అతని సొంత అక్క! నాలుగంతస్తులూ తుడిచేది ఆవిడే.

"మెట్ల మీద వెళ్లవే అక్కా" అని తమ్ముడు బతిమాలేవాడు.

"నీ మోకాళ్లు అప్పివ్వరా, వెళ్తాను" అనేది అక్క. బ్రేకు సంగతి పూర్తిగా చెబితే భయపడి పని మానేస్తుందని, చెప్పకపోతే ఏమవుతుందోనని అతనికి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు దారి దొరికింది. ఉత్తరం చదవని మనిషైనా, తను పిలిచిన అతిథి మాట వినక చస్తాడా?

పాపం, వెర్రిబాగులవాడు!

మూడు పేజీలు రాసుకున్నాడు. ఇంట్లో పెళ్లాం ముందు నిలబడి చదివాడు. ఇరవై నిమిషాలు పట్టింది. "రెండో పేజీకొచ్చేసరికి ఇక జన్మలో లిఫ్టు ఎక్కకూడదనిపించిందండీ. చాలా బాగుంది" అందావిడ.

సాయంత్రం ఆరింటికి ప్రెసిడెంటు గారు బల్ల మీది ఇత్తడి గంట కొట్టారు. ఒక నిమిషం మౌనం పాటించారు. సభ మొత్తంలో అర్థవంతంగా గడిచిన నిమిషం అదే. తర్వాత కిందటి వారం నివేదిక చదివారు. కిందటి వారం వక్త ప్రసంగం అందర్నీ ఉర్రూతలూగించిందట. ఆ వారం వక్త రానేలేదు! ఆపైన పుట్టినరోజు శుభాకాంక్షలు. ఆపైన ఏడుగురు మాజీ ప్రెసిడెంట్లు ఒక్కొక్కరే లేచి, ఇప్పటి ప్రెసిడెంటుని పొగిడి, తమ హయాంని ఇంకాస్త పొగుడుకున్నారు. అతిథిని పరిచయం చెయ్యడానికి లేచిన లాయరు గారు చక్రం కనిపెట్టిన నాటినుంచి మొదలుపెట్టారు. లిఫ్టు దాకా రావడానికి అరగంట పట్టింది.

"సమయాభావం వల్ల మన అతిథి రెండే నిమిషాల్లో తమ అమూల్యమైన సందేశం ఇస్తారు" అన్నారు ప్రెసిడెంటు గారు.

మెకానిక్ లేచాడు. కాగితాలు విప్పాడు. చెమట తుడుచుకున్నాడు. "అయ్యా, మీరందరూ ఇప్పుడు ఎక్కి వచ్చిన లిఫ్టు..."

గంట మోగింది.

"అద్భుతం!" అన్నారు ప్రెసిడెంటు గారు. చప్పట్లు మారుమోగాయి. సెక్రటరీ ముందురోజే టైపు చేయించిన వందన సమర్పణ చదివాడు. అతిథి గారి సుదీర్ఘ ప్రసంగం సభ్యుల గుండెల్ని కదిలించిందట. జ్ఞాపికగా గోడగడియారం చేతిలో పెట్టారు. టైము ఎలాగూ ఇవ్వలేదు, గడియారమైనా ఇవ్వాలి కదా!

అందరూ లిఫ్టు దగ్గరికి కదిలారు. మెకానిక్ గడియారం చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. "అయ్యా! ఆ లిఫ్టు ఎక్కకండి! మెట్ల మీద దిగండి!"

"ప్రశ్నలు, సమాధానాల కార్యక్రమం కూడా అయిపోయిందండీ" అన్నాడు సెక్రటరీ.

లిఫ్టులో ఆరుగురికే చోటు. కానీ హోదా మాటేమిటి? ప్రెసిడెంటు ఎక్కితే మాజీలు ఆగుతారా? మాజీలు ఎక్కాక సెక్రటరీ, లాయరు ఆగుతారా? అప్పటికే బకెట్టుతో ఒక కాలు లోపల పెట్టిన అక్కని, "పెద్దవాళ్లు దిగాక రా అమ్మా" అని వెనక్కి పంపారు. తమ్ముడి ప్రాణం అప్పుడు కుదుటపడింది. చివరికి పదిమంది, ప్రెసిడెంటు చేతిలోని ఇత్తడి గంటతో సహా, ఒళ్లు కుదించుకుని నిలబడ్డారు.

లిఫ్టు కిందికి జారింది. జారడం జారడం దూసుకుపోబోయి, పక్కనున్న ఇనుప పట్టాల్ని కరుచుకునే ఆఖరి పట్టు ఏదో పనిచేసి, మూడో అంతస్తు దాటుతూ దాటుతూ సగంలో కీచుమని ఆగిపోయింది.

మెకానిక్ మూడో అంతస్తుకి దిగి, తాళంచెవితో తలుపు జానెడు తెరిచాడు. లోపల పది నడినెత్తులు కనబడ్డాయి. అందులో ఏడు బట్టతలలు.

"ఎవరూ కదలొద్దు. గాలి ఆడుతోంది, లిఫ్టు పడిపోదు. నేను పైకెళ్లి మోటారు చక్రం చేత్తో తిప్పి మిమ్మల్ని పైకి తెస్తాను. ఇరవై నిమిషాలు పడుతుంది."

"అంతసేపు మేమేం చెయ్యాలయ్యా?"

మెకానిక్ జేబులోంచి మూడు పేజీలు తీసి, వెనకాలే కుంటుకుంటూ దిగొచ్చిన అక్క చేతిలో పెట్టాడు. "చదువక్కా" అని పైకి పరిగెత్తాడు.

అక్క బకెట్టు బోర్లించి కూర్చుంది. ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదవసాగింది. బ్రేకు అరిగిన తేదీ, మూడు ఉత్తరాల తేదీలు, అట్ట తీయించిన తేదీ. రెండో పేజీ మధ్యలో ఆవిడ చదువు ఇంకా నెమ్మదించింది. "ఈ లిఫ్టులో... అందరికంటే ఎక్కువసార్లు... ఎక్కేది... మా అక్క. అమ్మ పోయాక... నన్ను పెంచింది... ఆవిడే."

అక్క వేలు వెనక్కి జరిపి, ఆ వాక్యమే మళ్లీ మొదటినుంచి చదివింది.

అది రెండోసారి వినలేక కాబోలు, అలవాటు కొద్దీ ప్రెసిడెంటు గారి చెయ్యి కదిలింది. గంట మోగింది. "టైమైపోయిందమ్మా" అన్నారాయన.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "టైమైపోతే దిగి వెళ్లండి బాబూ. నేను వద్దన్నానా?" అని మూడో పేజీ తిప్పింది.

రెండు రోజుల్లో లిఫ్టుకి కొత్త బ్రేకు పడింది. మరుసటి వారం నివేదికలో, 'అతిథి ప్రసంగాన్ని సభ్యులు ఒక్కరు కూడా మధ్యలో లేచి వెళ్లకుండా విన్నారు' అని రాశారు. ఆ క్లబ్బు చరిత్రలో నిజమైన నివేదిక అదొక్కటే. లిఫ్టులో ఇత్తడి పలక కూడా వెలిసింది: 'ప్రజల భద్రత కోసం మా క్లబ్బు చేసిన సేవ.' కింద పది పేర్లున్నాయి. మెకానిక్ పేరు లేదు.

"చూశావా అక్కా?" అన్నాడట తమ్ముడు ఉడుక్కుంటూ.

"పోనీలేరా. రోజూ తుడిచేదాన్ని నేనేగా. ఎవరి పేరు ఎంత మెరవాలో నా చేతిలో ఉంది" అందట అక్క.

వచ్చే వారం సభకి ఆ క్లబ్బు నన్ను అతిథి వక్తగా పిలిచింది. వస్తానన్నాను. గడియారం అక్కర్లేదన్నాను. ఒకటే షరతు పెట్టాను: సభ లిఫ్టులో జరగాలి, చక్రం దగ్గర తమ్ముడు ఉండాలి, గంట అక్క చేతిలో ఉండాలి.

ఇంకా జవాబు రాలేదు.