బ్యాటరీకి పరిచయ పత్రం

ఇండోనేషియాలో సెమరాంగ్ నగరంలోని మా జాంబు వీధి ప్రజలకు శుభవార్త. కంపెనీ వెనక్కి రప్పించిన పవర్ బ్యాంకులను సురక్షితంగా వదిలించుకునే కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది. ఎవరూ పోలేదు.

కంపెనీ చెప్పింది నాలుగే ముక్కలు: కొనలకు టేపు అంటించండి, ఇసుకలో పెట్టండి, మంటకు దూరంగా ఉంచండి, మా బండికి అప్పగించండి. ఇంత తేలికైన పని గనకే మా వీధి పెద్ద విర్యాది గారు పదకొండు మందితో కమిటీ వేశారు. తెచ్చిన ప్రతి బ్యాటరీకీ ఒక అన్నం డబ్బా ఇస్తామన్నారు. డబ్బాలో కోడి వేపుడు కూడానట. మధ్యాహ్నానికల్లా వీధిలో పర్యావరణ చైతన్యం పొంగిపొర్లి, నలభై ఏడు బ్యాటరీలు వచ్చిపడ్డాయి.

వాటిని కాపలా గుడిసెలో గుట్టపోశారు. గుడిసెను ఆనుకునే తుమిరా కొట్టు; పులియబెట్టిన సోయా గింజల అచ్చు, అదే టెంపే, ముక్కలు కోసి వేయించి అమ్ముతుంది. ఆమె బతుకూ, ముగ్గురు పిల్లల చదువూ ఆ మూకుట్లోనే వేగుతున్నాయి.

"ఒకటి ఉబ్బింది పెద్దాయనా. పక్కనే నూనె మరుగుతోంది. ఇవాళే పంపించెయ్యండి" అని మొత్తుకుంది.

"పరిచయ పత్రం లేకుండా ఎలా పంపుతామమ్మా?" అన్నారాయన.

నిజమే. వీధి పెద్ద పత్రం లేనిదే మాకు పెళ్లి కాదు, ఇల్లు మారడం కుదరదు, చచ్చినా చావు లెక్కలోకి రాదు. బ్యాటరీకి మాత్రం మినహాయింపా? పత్రంలో పుట్టిన చోటు, మతం అని గడులున్నాయి. మతం దగ్గర కార్యదర్శి కలం ఆగింది. కమిటీ రెండుసార్లు సమావేశమై, రెండుసార్లు భోంచేసింది. ఈలోగా బ్యాటరీ మరింత ఉబ్బింది. పొగడ్త లేకుండా ఉబ్బడం మా వీధిలో అదే మొదటిసారి.

శనివారం ఆ గుడిసె ముందే సభ. "భద్రత అంటే పద్ధతి. పద్ధతి అంటే సంతకం" అని విర్యాది గారు సెలవిచ్చారు. చప్పట్లు. తర్వాత అందరితో ఫొటో. బాగా కనబడుతుందని ఆయన ఉబ్బినదాన్నే ఎంచి పైకెత్తారు. అది చుయ్యిమంది. పొగ లేచింది. ఆయన దాన్ని టెంపే కొట్టు ముందు జారవిడిచి, కమిటీ సమేతంగా వేదికను ఖాళీ చేశారు. జనమూ పరుగెత్తారు. వట్టి చేతులతో మాత్రం ఎవరూ పరుగెత్తలేదు.

తుమిరా పొయ్యి ఆర్పింది. వేదిక అలంకరణకు ప్లాస్టిక్ పూలు గుచ్చిన ఇసుక బకెట్‌ను పూలతో సహా తెచ్చి బ్యాటరీ మీద బోర్లించింది. పొగ అణిగింది.

"రండి పెద్దాయనా, మతం గడి నింపుకోండి. పూడ్చేశాను."

సోమవారం కంపెనీ బండి వచ్చింది. డ్రైవరు ఇసుకలోని ఆ ఒక్కదాన్నీ జాగ్రత్తగా డబ్బాలో పెట్టుకుని, మిగతా నలభై ఆరూ ఏవన్నాడు.

"ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు బాబూ" అంది తుమిరా. "వచ్చే నెల మళ్లీ సభ ఉందట."

కాబట్టి ఆమె కొట్టుకిప్పుడు ఏ ముప్పూ లేదు. ముప్పంతా మేమే ఇంటింటికీ పంచుకున్నాం. నా వాటా మంచం కింద భద్రంగా ఉంది. ఈసారి అన్నం డబ్బాలో రొయ్యలంటున్నారు.