తొంభై బై అరవై: ఒక రాజయోగం

ఆ ఆదివారం నేను చేయవలసిన పనులు ఇవి. పెరట్లో ఎండుతున్న చేపల్ని తిరగేయాలి. గ్యాస్ బండ తేవాలి. రేషన్ డిపోలో వేలిముద్ర వేసి రావాలి. అన్నయ్య వల బాగుచేస్తుంటే అవతలి కొస పట్టుకోవాలి. వదిన కట్టిన ఎండుచేపల మూటల్ని ఆటోలోకి ఎక్కించాలి.

వీటిలో ఒక్కటీ చేయలేదు! మంచం మీద పడుకుని, కాళ్ళ కింద రెండు తలగడలు పెట్టించుకుని, ఉప్పేసిన నిమ్మరసం తాగాను. ఎవరైనా పల్లెత్తు మాట అన్నారా? అనలేదు. నాకు లోబీపీ మరి!

పాఠకులారా, ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలన్నారు. వాళ్ళ కాలంలో బీపీ మెషీన్ లేదు, వాళ్ళనేం అంటాం? ఆరోగ్యంగా ఉన్నవాడిని ఈ లోకం ఏం చేస్తుంది? బండ మోయిస్తుంది. తొంభై బై అరవై ఉన్నవాడికి కుర్చీ వేస్తుంది.

మా పేటలో చేపల వేట మాని డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆమదాలవలసలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. స్కూలంతా నిలబడి ప్రార్థన చేస్తుంటే నేను కూర్చుని చేస్తాను. పరీక్షల డ్యూటీలో నాది ఫ్యాను కింద గది. రామతీర్థం వెళితే మా వాళ్ళంతా కొండెక్కి, నా పేరు కూడా చెప్పి దణ్ణం పెట్టుకుని, ప్రసాదం కిందికి తెచ్చిచ్చారు. పుణ్యం పైన, నీడ కింద! ఇంతకన్నా ఏం కావాలి?

మా అన్నయ్య ఎల్లాజీ బీపీ నాదానికి పూర్తిగా వ్యతిరేకం. మెడికల్ క్యాంపులో చూస్తే నూట డెబ్భై! డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంటి పులుసు కుండలో ఉప్పు పడలేదు. నన్ను మాత్రం అదే డాక్టరు ఉప్పు పెంచమన్నాడు. కాబట్టి నాకు విడిగా వేయించిన ఉప్పుచేప, గిన్నెడు ఆవకాయ.

నా కంచం చూసినప్పుడల్లా అన్నయ్యకు కడుపుమంట.

"ఒరే హరిబాబూ, నీకు ఉప్పు సాలకపోతే సముద్దరం పక్కనే ఉన్నాది. సెంబట్టుకుని ఎల్లు!"

నేను కోప్పడలేదు. కోప్పడటానికి కూడా కొంత ప్రెషర్ ఉండాలి కదా!

ఇక మా వదిన కూర్మమ్మ. చేపల్ని కోసి, ఉప్పు పట్టించి, తొట్టెలో పేర్చి, ఎండబెట్టి, గంపకెత్తి ఊళ్ళమ్మట అమ్ముతుంది. నా డిగ్రీ ఆ గంపలోంచి వచ్చిందే. మోచేతుల దాకా ఉప్పులో ఉండే ఆ మనిషి, అందరూ తిన్నాక, కుండలో మిగిలిన చప్పిడి పులుసు కలుపుకుని తింటుంది. అప్పుడప్పుడు గంప దించి గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడిపోతుంది. ఏమిటని అడిగితే "ఎండ" అంటుంది. మబ్బు పట్టిన రోజు కూడా ఎండే!

నా కోసం శ్రీకాకుళంలో ఒక డిజిటల్ మెషీన్ కొన్నాం. వారం వారం నా రీడింగు ఇంటిల్లిపాదికీ వినిపించి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాణ్ణి. ఆ ఆదివారం సాయంత్రం దానికి కొత్త బ్యాటరీలు వేశాను. పరీక్షించడానికి ఇంకో చెయ్యి కావాలి. అన్నయ్య వల దగ్గర ఉన్నాడు. వదిన గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"వదినా, కూసో. ఒకసారి సెయ్యి ఇలాగియ్యి."

"ఏటి మరిదీ, నా సెయ్యి నిండా ఉప్పున్నాది. నీ మిషను తుప్పట్టిపోద్ది."

అయినా కొంగుతో తుడుచుకుని ఇచ్చింది. డెబ్భై ఎనిమిది బై యాభై! నా రికార్డు బద్దలైంది! ఉక్రోషంతో మళ్ళీ కట్టాను. డెబ్భై ఆరు!

సైన్సు మాస్టారిని కదా, శాస్త్రీయంగా ఆలోచించాను. ఇన్ని పనులు చేసే మనిషికి ఇంత తక్కువ ఉండటం అసంభవం. కాబట్టి మెషీన్ పాడైంది.

వదిన కూడా ఒప్పుకుంది. "నాకేటవుద్ది? ఆ డబ్బాయే పాడైపోనాది. బిల్లు దాసేవా?"

బిల్లు దాచాను. సోమవారం స్కూలుకు సెలవు పెట్టి, మెషీన్ని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని శ్రీకాకుళం తీసుకెళ్ళాను. షాపు యజమాని సీతారామారావు గారు దాన్ని తన చేతికే కట్టుకున్నారు. తరవాత పాత మెషీన్‌తో చూసుకున్నారు. రెంటిలోనూ నూట ముప్పై.

"మిషను బంగారంలాగున్నాది మేస్టారూ. ఎవరి సెయ్యికి కట్టేరు?"

"మా వదినకండి."

"మరైతే ఆవిణ్ణి ఇంటికాడ ఉంచీసి దీన్ని తీసుకొచ్చేరేటి?"

నా దగ్గర బిల్లు ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మెషీన్ని మళ్ళీ గుడ్డలో చుట్టాను.

మర్నాడు వదినను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రీడింగు అదే. ఒంట్లో రక్తమూ తక్కువేనట. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే గంపతో సహా రోడ్డు మీద పడిపోయేదన్నాడు. మాత్రలు, వేళకు తిండి, రెస్టు అని రాశాడు.

"మాత్రలు కొంటాను బాబూ. రెస్టు ఏ కొట్లో దొరుకుద్ది?" అంది వదిన.

డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వబోయి ఊరుకున్నాను.

లోబీపీ రాజయోగమన్న మాట నేను వెనక్కి తీసుకోను. కాకపోతే ఒక చిన్న సవరణ. అది మగవాడికి వస్తేనే యోగం. ఆడదానికి వస్తే ఎండ.

ఇప్పుడు మా ఇంట్లో పులుసు రెండు కుండల్లో కాగుతోంది, చప్పిడిది ఒకటి, ఉప్పేసింది ఒకటి. వదిన పీట మీద కూర్చుంటుంది, రెండు ముద్దలు తిని ఎవరికో ఏదో వడ్డించడానికి లేస్తుంది. కూర్చోమంటే పోట్లాట. ఇంకా అలవాటు కాలేదు.

ఈ రాత్రి మీరు కంచం ముందు కూర్చున్నప్పుడు, మీ ఇంట్లో ఇంకా తినని మనిషి ఎవరో ఒక్కసారి తల తిప్పి చూడండి. చూసేటప్పుడు మా వదిన కూర్మమ్మను గుర్తు పెట్టుకోండి.