గులాం నబీ ఎమర్జెన్సీ లీవు

ఆటగాళ్లు లేకుండానే ఆటను అభివృద్ధి చేయవచ్చని ప్రపంచంలో అందరికంటే ముందు కనిపెట్టిన ఘనత మస్కట్‌లోని తెలుగు ప్రవాసీ ప్రగతి వేదిక అధ్యక్షులు సంజీవ్ గారిది. ఆ సంగతి ఆయనే స్వయంగా ప్రకటించారు కాబట్టి మనం అనుమానించాల్సిన పని లేదు.

"ఈ ఏడాది మన క్రికెట్ కప్పు మైదానంలో జరగదు, కంప్యూటర్లో జరుగుతుంది!" అన్నారాయన అజైబాలోని వేదిక ఆఫీసులో మైకు పట్టుకుని. "కప్పు గెలిచిన మూడు మహాజట్లు, మూడు కాలాలకు చెందినవి, ఒకదానితో ఒకటి తలపడతాయి. తొంభై ఏడునాటి హమ్రియా జట్టు. రెండువేల తొమ్మిదినాటి రుసైల్ జట్టు. రెండువేల పదహారునాటి అజైబా జట్టు. ఎండదెబ్బ ఉండదు. నీళ్ల సీసాలు అక్కర్లేదు. అంపైరును కొట్టే అవకాశం బొత్తిగా లేదు!"

చప్పట్లు మోగాయి. ఆ మూడో జట్టుకు కెప్టెన్ సంజీవ్ గారే. రెండువేల పదహారులో ఫైనల్ రోజున ఎదుటి జట్టువాళ్ల కంపెనీ బస్సు రాలేదు. సంజీవ్ గారు ఒక్కరే టాస్ వేసి, తనే గెలిచి, కప్పు అందుకుని, ఎండలో పావుగంట నిలబడి మరీ ఇంటికి వెళ్లారు. క్రీడాస్ఫూర్తి అంటే అదీ.

వెనక వరుసలో గోడకు ఆనుకుని నిలబడ్డ గులాం నబీ ఇవన్నీ చెవిన పెట్టలేదు. అతను కడప మనిషి, రుసైల్‌లో ఒక గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. రెండువేల తొమ్మిదిలో రుసైల్ జట్టుకు కెప్టెనూ అతనే, ఫాస్ట్ బౌలరూ అతనే. ఇప్పుడు రూములో పైమంచం ఎక్కాలంటేనే మోకాళ్లు తిట్టిపోస్తున్నాయి. అతని చెవులు నిక్కబొడుచుకున్నది సంజీవ్ గారి ఆఖరి మాటకు. ఫైనల్‌కు దేశం నుంచి మంత్రిగారు వస్తున్నారట. గెలిచిన కెప్టెన్‌కు మంత్రిగారితో రెండు నిమిషాలు మాట్లాడే అవకాశమట.

ఆ రెండు నిమిషాలు గులాం నబీకి కావాలి. చెల్లెలు మహబూబీ సోహార్ వైపు ఒక ఇంట్లో వంటపనికి వచ్చింది. రెండేళ్ల ఒప్పందం. అది ముగిసి ఏడాదిన్నర దాటింది. ఇంకో మనిషి దొరికేదాకా పంపేది లేదంటారు ఇంటివాళ్లు. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. మూడేళ్ల పిల్లగా వదిలి వచ్చిన కూతురు షిఫాకు ఇప్పుడు ఆరున్నర, కడపలో తన పిన్నమ్మ దగ్గర పెరుగుతోంది. మంత్రిగారు ఒక ఉత్తరం ముక్క రాస్తే పని కదులుతుందని ఎవరో చెప్పారు. గులాం నబీ అర్జీ రాయించి, మడతపెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"సార్, ఈ కాయితం మంత్రిగారికి మీరే ఇచ్చేస్తే ఐపాయ గదా," అన్నాడు సంజీవ్ గారి దగ్గరికి వెళ్లి.

"నబీ, మంత్రిగారి ప్రోగ్రాం నలభై ఎనిమిది నిమిషాలు. దండలకు పద్దెనిమిది. నృత్యానికి పది. నా ఉపన్యాసం పద్నాలుగు. ఆటకు నాలుగు. మిగిలిన రెండూ గెలిచినవాడివి. ప్రాపర్ ఛానల్లో రా. గెలువు!"

సరే, గెలుద్దామనుకున్నాడు గులాం నబీ. చెల్లెలి కోసం కంప్యూటర్లో ఏం ఖర్మ, ఎడారిలో ఆడమన్నా ఆడేవాడే.

మర్నాడు రూల్స్ వచ్చాయి. కంప్యూటర్లో ఆడే ప్రతి ఆటగాడూ రెసిడెంట్ కార్డు కాపీ, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో, తమకు అభ్యంతరం లేదని కంపెనీ రాసిచ్చే ఎన్ఓసీ ఇవ్వాలి.

"బొమ్మ ఆడేదానికి ఎన్ఓసీ ఎందుకు సార్?"

"రేపు నీ బొమ్మకు కాలు విరిగితే? బాధ్యత ఎవరిది?"

గులాం నబీ వెళ్లి కంపెనీలో అడిగాడు. అతని సూపర్‌వైజర్ రెండు రోజులు ఆలోచించి ఎన్ఓసీ ఇచ్చాడు. అందులో ఒక షరతు పెట్టాడు. సదరు బొమ్మ ఈ కంపెనీ వీసా మీద ఉంది గనుక బయట వేరే ఎవరి దగ్గరా పని చేయరాదు.

హమ్రియా జట్టుకు ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. వాళ్ల కెప్టెన్ జయరాముడు హమ్రియాలో టైలరు, గోదావరి మనిషి. "మా ఓపెనర్లు ఇద్దరూ కాలం చేశారండి. కంప్యూటర్లోనైనా ఓసారి ఆడనివ్వండి, మీకు పుణ్యం ఉంటుంది," అని బతిమాలాడు.

"వాళ్ల కార్డులు రెన్యూవల్ అయ్యాయా?"

"చచ్చిపోయారండీ బాబూ!"

"రూలు అందరికీ ఒకటే జయరాముడూ. నేను పక్షపాతం చూపించలేను."

హమ్రియా తొమ్మిది మందితో దిగింది. అజైబా జట్టు నిర్వాహకుల జట్టు కాబట్టి నేరుగా ఫైనల్లో అడుగుపెట్టింది.

పాత స్కోరు పుస్తకాలు ఎవరి దగ్గరా లేవు. అందుకని కంప్యూటర్ నడిపే కమ్రాన్ ఒక ఫారం తయారుచేసి అందరి ఫోన్లకూ పంపాడు. ఎవరి ప్రతిభ వాళ్లే రాసుకోవాలి. ఇక్కడే ఒక విశేషం జరిగింది. గల్ఫ్‌కు వచ్చే ప్రతివాడికీ ఊళ్లో ఏజెంటు మొదట నేర్పే పాఠం ఒకటుంది. ఫారంలో ఏమడిగినా వచ్చని రాయి, పదేళ్ల అనుభవం అని రాయి, తర్వాత సంగతి నేను చూసుకుంటా అంటాడు. ఆ పాఠం ఎవరూ మరిచిపోలేదు. బ్యాటింగు వచ్చా? పదేళ్లు. బౌలింగు? పదేళ్లు. కీపింగు? పదేళ్లు. ఒకాయన అలవాటు కొద్దీ కింద ఏసీ మెకానిక్ అని కూడా చేర్చాడు. అందరూ అన్నీ వచ్చినవాళ్లే కావడంతో ఎవరి చేత ఏం చేయించాలో కంప్యూటర్‌కు పాలుపోలేదు. గులాం నబీ మాత్రం, అర్జీ పట్టుకుని తిరిగే మనిషి అబద్ధం రాస్తే అల్లా మెచ్చడని, "బౌలింగు మాత్రమే వచ్చు. బ్యాటింగు రాదు" అని రాశాడు.

శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత హమ్రియాలో ఒక హోటలు పైఅంతస్తులో సెమీఫైనల్ పెట్టారు. గోడ మీద బొమ్మలు పరుగెత్తాయి. టోర్నమెంటు మొత్తానికి బౌలర్ మాత్రమే అని ఉన్నది ఒక్కడే కాబట్టి కంప్యూటర్ క్రికెట్ రూలును కూడా పక్కనపెట్టి, బంతి తీసుకెళ్లి ప్రతి ఓవరూ గులాం నబీ బొమ్మ చేతిలోనే పెట్టింది. ఆ బొమ్మకు మోకాళ్ల నొప్పి లేదు. అది ఎగిరి ఎగిరి వేస్తుంటే గులాం నబీకి కొంచెం అసూయ కలిగింది, అంతలోనే ఉత్సాహమూ వచ్చింది.

"ఎయ్యరా నాయనా! ఇంకొంచెం లోపలికి ఎయ్యి!" అని తన బొమ్మకు తనే అరిచి చెప్పాడు.

హమ్రియా జట్టు నలభై రెండుకే చాప చుట్టేసింది. జయరాముడు వచ్చి గులాం నబీని కౌగిలించుకుని, "ఫైనల్ నీదేనయ్యా. చెల్లెమ్మను పంపించెయ్," అన్నాడు. ఆ మాటకు గులాం నబీకి ఏడుపు ఆగలేదు.

మర్నాడే సంజీవ్ గారి నుంచి కబురు వచ్చింది. అజైబా ఆఫీసులో ఏసీ గది, పాలు లేని సులేమానీ టీ, పక్కన ఖర్జూరాలు. గులాం నబీకి కుర్చీ వేయడం అదే మొదటిసారి.

"నబీ, నిన్న కమ్రాన్ చేత ఫైనల్‌ను ఊరికే ఒకసారి ఆడించి చూశాను. పన్నెండు సార్లు ఆడించాను. పన్నెండు సార్లూ నన్ను మొదటి బంతికే నువ్వు అవుట్ చేశావు. నాకు వ్యక్తిగతంగా బాధ లేదు. కానీ మంత్రిగారి ఎదుట వేదిక అధ్యక్షుడు డకౌట్ అయితే ప్రవాసుల పరువు ఏమవుతుంది?"

"మరి నేనేం చెయ్యాల సార్?"

సంజీవ్ గారు ఒక ఫారం ముందుకు జరిపారు. ఎమర్జెన్సీ లీవు దరఖాస్తు. పేరు గులాం నబీ. హోదా బొమ్మ. కారణం కుటుంబ అవసరం.

"నీ బొమ్మ సెలవు పెడితే చాలు. నేను గెలిస్తే నీ అర్జీ నా చేతులతో ఇస్తాను. ఆలోచించు. ఫోర్క్‌లిఫ్ట్ మనిషి ఇస్తే మంత్రిగారు జేబులో పెట్టుకుంటారు. అధ్యక్షుడు ఇస్తే చదువుతారు."

గులాం నబీ కళ్లముందు నిన్నటి బొమ్మ కదిలింది. ఎంత బాగా వేసింది! పదిహేనేళ్ల తర్వాత ఎవరో తనను మళ్లీ బౌలర్ అన్నారు. కానీ మహబూబీ ముఖం గుర్తొచ్చాక ఇంకేం ఆలోచిస్తాడు? సంతకం పెట్టి, అర్జీ తీసి బల్ల మీద పెట్టాడు. "మర్చిపోవద్దు సార్, మీ కాళ్లు మొక్కుతా," అన్నాడు.

ఫైనల్ దివ్యంగా జరిగింది. గోడ మీద పెద్ద అక్షరాలతో "గులాం నబీ: ఎమర్జెన్సీ లీవు" అని పడింది. సంజీవ్ గారు ప్యాడ్లు, హెల్మెట్ తొడుక్కుని ముందు వరుసలో సోఫాలో కూర్చున్నారు. గోడ మీద ఆయన బొమ్మ ముప్పై ఒక్క బంతుల్లో సెంచరీ కొట్టింది. కొట్టినప్పుడల్లా ఆయన ఏసీ కింద చెమట తుడుచుకున్నారు. మంత్రిగారు లేచి నిలబడి, "సంజీవ్ గారి బ్యాటింగు కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది," అన్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. సంజీవ్ గారు మాట తప్పలేదు. హెల్మెట్ తీసి, అర్జీని రెండు చేతులతో మంత్రిగారికి అందించారు. మంత్రిగారు పూర్తిగా చదివారు కూడా. తర్వాత కమ్రాన్‌ను దగ్గరికి పిలిచారు.

"ఈ కంప్యూటర్లో మనుషుల్ని ఎక్కడినుంచి ఎక్కడికైనా తీసుకుపోవచ్చా బాబూ?"

"ఎక్కడికైనా సార్."

"టికెట్టు, పాస్‌పోర్టు?"

"ఏమీ అక్కర్లేదు సార్. ఫొటో ఉంటే చాలు."

మంత్రిగారు డైరీ తీసి రాసుకున్నారు. వెనక నిలబడ్డ గులాం నబీ తన అర్జీ గురించే రాసుకుంటున్నారని పొంగిపోయాడు. నిజంగా దాని గురించే రాసుకున్నారు.

పది రోజులకు పేపర్లో వచ్చింది. "మంత్రిగారి చొరవతో ఒక్క వారంలో నూటనలభై మంది మహిళలు స్వదేశానికి!" కింద రంగుల ఫొటో. కడపలో ఇంటి గడప మీద మహబూబీ నవ్వుతోంది. చంకలో షిఫా, పక్కన మంత్రిగారు. గులాం నబీ ఆ ఫొటోను గోడౌనంతా తిప్పి చూపించాడు. హల్వా తెచ్చి పాకిస్తానీ డ్రైవర్ల దగ్గర్నుంచి సూపర్‌వైజర్ దాకా అందరి నోట్లో పెట్టాడు. మహబూబీకి ఫోన్ చేస్తే కలవలేదు. విమానం దిగాక సిమ్ మారుస్తారు కదా అనుకుని, నేరుగా అజైబాకు బస్సెక్కాడు.

"సార్, మీ రుణం తీర్చుకోలేను సార్!" అని సంజీవ్ గారి చేతులు కళ్లకద్దుకున్నాడు.

"మంత్రిగారు మన టోర్నమెంటు చూసి ముగ్ధులయ్యారు నబీ. ఆ కంప్యూటర్ పద్ధతే అక్కడ తన శాఖలో పెట్టించారు. నూటనలభై మందిని తేవడానికి పదకొండు నిమిషాలు పట్టిందట. మీ చెల్లెలి ఫైలు క్లోజ్ అయింది," అన్నారు సంజీవ్ గారు వినయంగా.

గులాం నబీకి ఆ మాట తలకెక్కేలోపే జేబులో ఫోన్ మోగింది. సోహార్ ఇంటి నంబరు.

"భయ్యా, నేను ఊరికి పొయ్యినానంట గదా," నవ్వుతూ అంది మహబూబీ. వెనక కుక్కర్ కూస్తోంది. "మరి ఈడ అన్నం ఎవురు వండుతాండారు?"

గులాం నబీ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని సంజీవ్ గారి వైపు చూశాడు. "సార్, మా చెల్లెలు ఈడనే ఉండాది సార్! సోహార్లోనే!"

"అలాగా?" సంజీవ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చిక్కే. ఊరికి చేరిన మనిషిని ఊరికి పంపడానికి ఫారం లేదు. ముందు ఆవిడ మళ్లీ ఒమన్‌కు వచ్చినట్టు అరైవల్ స్టాంపు తెమ్మను. అప్పుడు కొత్తగా అర్జీ పెడదాం."

ఫోన్లో మహబూబీ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇప్పుడామె గొంతులో నవ్వు లేదు.

"భయ్యా, ఇనపడతాందా? కడప నుంచి మన చెల్లి ఫోన్ చేసింది. ఆ పేపరోళ్లు ఫొటో తెచ్చి షిఫాకు చూపిచ్చినారంట. అమ్మీ వచ్చేసిందని అది పొద్దున్నించి ఇల్లంతా ఎతుకుతాందంట. తలుపు సందుల్లో, మంచం కింద, అంతా చూసిందంట. ఇప్పుడు ఫోన్లోకొచ్చి అడుగుతాది భయ్యా. నేను ఏ గదిలో ఉండానని చెప్పేది?"