ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు, మధ్యలో కోడిగుడ్లు

తారు రోడ్డున్న ఊళ్లో పుట్టినవాళ్లను చూస్తే జాలేస్తుంది. పాపం, ఏం అనుభవించారని!

నవ్వకండి. పెద్దదాన్ని, ఉన్నమాటే చెబుతున్నాను. గుంతల దారి అంత భాగ్యం ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. తారు రోడ్డు వేయించుకున్నవాళ్లు మర్నాడే ఏం చేస్తున్నారో చూశారా? దాని నెత్తిన స్పీడ్ బ్రేకర్లు కట్టించుకుంటున్నారు! మాకు ఆ తిప్పలేదీ? అడుగడుక్కీ దేవుడే కట్టించి పెట్టాడు.

పాల్వంచ దాటి అడవిలోకి మళ్లితే మోదుగుల తండాకు పోయే దారి ఒకటుంది. ఆ దారిలో పాలక్యాను పట్టుకొని బయల్దేరితే పాల్వంచలో దిగేటప్పటికి వెన్న తేలుతుంది. కవ్వంతో పనేముంది? అలిగి మాట్లాడుకోని మొగుడూ పెళ్లాలను ఆటో ఎక్కించండి, రెండో గుంతకే ఒకరినొకరు వాటేసుకుంటారు. ప్రేమో, ప్రాణభయమో మనకెందుకు? సంసారం నిలబడిందా లేదా! ఇక తండాలోని దేవ్లా సంగతి వినండి. కిడ్నీలో రాయి తీయించుకుందామని దవాఖానాకు బయల్దేరాడు. దవాఖానా గేటు కనబడకముందే రాయి తన దారి తను చూసుకుంది. ఆ డాక్టరు ఇప్పటికీ మా దారి పేరు చెబితే పళ్లు కొరుకుతాడట.

ఇంత గొప్ప మనకు తెలియకపోయినా టౌనువాళ్లు కనిపెట్టారు. ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు ఉన్న సైకిళ్లు వచ్చాయి ఈమధ్య. మంచి దారి ఉంటే అవి తొక్కకూడదట. రాళ్లూ, గుంతలూ, వాగులూ ఉన్నచోటికి వెతుక్కుంటూ పోయి తొక్కాలట. దానికి ట్రెయిల్ అని పేరు. అంటే మా తండా జనం పుట్టినప్పటినుంచీ చేస్తున్నది ట్రెయిలన్నమాట! ఈ ముక్క ముందే తెలిస్తే ఎంత గర్వంగా బతికేవాళ్లం!

తండా బడిలో మధ్యాహ్నం వంట వండే సక్రికి ఈ ముక్క తెలిసింది పాల్వంచలో, జానీ మియా సైకిల్ షాపులో.

ఆ రోజు బడిలో గుడ్డు రోజు. సక్రి ఎప్పటిలాగే పొద్దున్నే పాల్వంచ వచ్చి గుడ్లు కొన్నది. సంచిలో ఊక పోసి, ఊకలో గుడ్లు వరసగా పేర్చుకొని, తన పాత సైకిలుకు కట్టబోతే టైరు నిలువునా చీలి ఉంది. దారిలో రాయి చేసిన పని. ఆ సైజు టైరు మధ్యాహ్నం బస్సుకు గాని రాదన్నాడు జానీ మియా.

అప్పటికి వంట వేళ దాటిపోతుంది. ఇప్పటికే వరసగా రెండుసార్లు గుడ్లు సగానికి సగం పగిలాయి. మళ్లీ పగిలినా, వేళకు రాకపోయినా వంట ఇంకో గ్రూపుకు ఇచ్చేస్తానని హెడ్మాస్టరు వెంకటప్పయ్య అందరిముందూ చెప్పేశాడు. ఆ గుంతల సంగతి తేల్చమని తండా వాళ్లంతా వేలిముద్రలేసి అర్జీ పెట్టుకున్నారు. పిల్లల గుడ్లు పగులుతున్నాయి, రోడ్డు వేయండి మహాప్రభో అని అందులో రాయించారు. ఆఫీసరు రేపో మాపో వస్తాడని చెప్పారు గాని, ఆ రేపూ రాలేదు, మాపూ రాలేదు.

సరిగ్గా అప్పుడే షాపులో బాలకృష్ణ సైకిలు ఎంచుకుంటున్నాడు. పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. పొట్ట తగ్గాలని డాక్టరు చెబితే నడవకుండా తగ్గే మార్గం కోసం చూస్తున్నాడు. ఎదురుగా రెండు సైకిళ్లు. రెండింటికీ ముందూ వెనకా స్ప్రింగులే. ఒకటి పచ్చరంగు ఇనుపది, ఇంకొకటి ఎవరో పైదేశం నుంచి తెప్పించుకొని అమ్ముకున్న వెండిరంగుది.

“అల్యూమినియం సారూ! చిటికెన వేలితో లేపొచ్చు” అన్నాడు జానీ మియా.

బాలకృష్ణ లేపి చూశాడు. “తేలికనే ఉంది. కానీ పచ్చదాని స్ప్రింగులు లావుగున్నయ్. ఏది తీసుకోమంటవ్ భాయ్?”

సక్రి ఉండబట్టలేక, “భుజం మీద పెట్టుకొని చూడు సారూ” అంది.

“భుజం మీదెందుకక్కా? నేను దాన్నెక్కుత గాని అది నన్నెక్కుతదా?”

“వాగు కాడికి పోయినంక తెలుస్తది, ఎవలు ఎవలనెక్కుతరో!”

జానీ మియా పడీ పడీ నవ్వాడు. సక్రి మాత్రం సైకిళ్ల చుట్టూ తిరిగి చూస్తోంది. “భాయ్, క్యారియర్ ఏది? సామాను ఏడ కట్టాలె?”

“వెనక స్ప్రింగున్నదానికి క్యారియర్ రాదు చెల్లె. చక్రం ఎగిరెగిరి పడ్తది గదా.”

“సామాను మొయ్యని సైకిలెందుకు సారూ మీకు? యాడికి పోతరు దీనిమీద?”

“యాడికీ పోమక్కా. గట్ల పోయి గిట్ల మళ్లొస్తం.”

సక్రి ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. పని లేకుండా ఆ దారిన పోయే మనిషిని ఆమె చూడటం అదే మొదలు.

జానీ మియా వ్యాపారం తెలిసినవాడు. “సారూ, షాపుల చూస్తే ఏం తెలుస్తది? సక్రికి గుడ్లు జల్దీ చేరాలె. మీకు గుంతలు కావాలె. చెరో సైకిల్ ఎక్కండి, గుడ్లు చెరిసగం కట్టుకోండి. ఎవరి గుడ్లు నిలిస్తే ఆ సైకిల్ మంచిది” అన్నాడు.

పెద్ద పెద్ద కంపెనీలకైనా తట్టిందా ఈ పరీక్ష?

ఊకసంచి రెండయింది. ఒకటి బాలకృష్ణ వీపుకు, ఒకటి సక్రి వీపుకు. పచ్చ సైకిల్ సక్రికి, వెండిది ఆయనకు.

గుంతలు మొదలయ్యాయి. బాలకృష్ణ ఒక్కో గుంతకూ “సూపర్!” అని అరుస్తున్నాడు. గుంతను మెచ్చుకునే మనిషి వచ్చాడని గుంతలు కూడా రెచ్చిపోయాయి. సక్రి పళ్లు బిగించి, ఒక్క గుడ్డూ పగలొద్దని మొక్కుకుంటూ తొక్కింది. కిర్రుమంటూనే స్ప్రింగులు పని చేశాయి. అబద్ధమెందుకు చెప్పాలి!

వాగు వచ్చింది. పిక్కల లోతు నీళ్లు, అడుగున గుండ్రాళ్లు. బాలకృష్ణ వెండి సైకిల్‌ను భుజాన వేసుకొని కొంగలా అడుగులేస్తూ అవతలికి పోయాడు. సక్రి పచ్చదాన్ని ఎత్తబోతే నడుం పట్టేసింది.

“సైకిలా ఇది? దున్నపోతు!” అని వాగు మధ్యలో నిలబడి తిట్టింది.

ఆయన వెనక్కొచ్చి రెండో చెయ్యి వేస్తే గాని అది గట్టెక్కలేదు. “పచ్చది వద్దక్కా. తేలికదే తీసుకుంట” అన్నాడు రొప్పుతూ. చూశారా, ఎంపిక ఎంత తేలికగా అయిపోయిందో! వాగుకు వంతెన ఉంటే ఈ జ్ఞానం కలిగేదా?

సంచులు విప్పి ఊకలో చేతులు పెట్టి చూశారు. ఒక్కటీ పగల్లేదు. సక్రి మొహం వెలిగిపోయింది.

అదే సమయానికి జీపొకటి ఊగుతూ తూగుతూ వాగు దాటి వచ్చి ఆగింది. రోడ్డు చూసే ఆఫీసరు! నెలల తరబడి రాని మనిషి ఈ రోజే, ఈ గడియలోనే రావాలా?

తెల్ల ప్యాంటు, చేతిలో అర్జీ. దిగి గుడ్ల వైపు చూశాడు. “మోదుగుల తండా గుడ్లు ఇవేనా? పగులుతున్నాయని రాశారు. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి కదమ్మా! రోడ్డు ఫిట్ అని రాసేస్తాను.”

దారంతా పగలొద్దని మొక్కుకున్న సక్రికి, ఒక్కటన్నా పగిలుంటే ఎంత బాగుండునని ఇప్పుడు అనిపించింది. పగిలితే వంట పోతుంది, పగలకపోతే రోడ్డు పోతుంది. ఎటు పోవాలి ఆడమనిషి?

ఒక్క క్షణం ఆలోచించి తన వంతు సంచి ఆయన ముందుకు జరిపింది. “సారూ, మీ జీపుకు స్ప్రింగులు ఇంకా పెద్దయే ఉంటయ్ గదా. జర ఇవి ఒళ్లె పెట్టుకొని బడిదాంక తీస్కరండ్రి. ఫిట్టో కాదో మీకే తెలుస్తది.”

“ఓస్, అంతేనా! ఊక మాత్రం వద్దమ్మా, ప్యాంటు పాడవుతుంది. ఒట్టి గుడ్లియ్యి.”

“మీ ఇష్టం సారూ” అని సక్రి ఊక దులిపి, గుడ్లు కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

బడి ముందు పిల్లలు పళ్లాలు పట్టుకొని వరసగా కూర్చున్నారు. జీపు తలుపు తెరుచుకుంది. తెల్ల ప్యాంటు మోకాళ్లదాకా పచ్చగా జారుతోంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెంకటప్పయ్య సారుకు ఈసారి తిట్టడానికి సక్రి దొరకలేదు, దొరికినవాణ్ణి తిట్టే ధైర్యం లేదు. వంట సక్రి చేతిలోనే ఉండిపోయింది. బాలకృష్ణ తెచ్చిన గుడ్లను ఉడకబెట్టి నిలువునా కోసి, పిల్లలకు తలా సగం వడ్డించింది.

ఇక రోడ్డు వచ్చినట్టేనని తండా అంతా అనుకుంది. ఆఫీసరు ప్యాంటు కంటే గట్టి సాక్ష్యం ఎక్కడుంటుంది?

కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. ఆయన ఎంత తెలివైనవాడో వినండి! ఇకనుంచి కోడిగుడ్లను పాల్వంచలోనే ఉడకబెట్టి తీసుకుపోవాలి. కావున పగిలే సమస్య తీరింది. కావున అర్జీ ముగిసింది.

కంకర లేదు, తారు లేదు, కాంట్రాక్టరు లేడు. గిన్నెడు నీళ్లతో రోడ్డు వేసేశాడు మహానుభావుడు! ఇలాంటివాళ్లు జిల్లాకు నలుగురుంటే చాలదూ!

ఆర్డరు విన్న మర్నాడు సక్రి మళ్లీ జానీ మియా షాపుకు వచ్చింది. బాలకృష్ణ కొనుక్కున్నటువంటి సైకిలు కావాలంది.

“గుడ్లు ఉడకబెట్టుకొని పొమ్మన్నరట గదా చెల్లె! ఇంక స్ప్రింగులెందుకు?”

“గుడ్లకు గాదు భాయ్. మా చెల్లెకు నెలలు నిండినయ్, దవాఖానాకు తీస్కరావాలె. దాన్ని ఉడకబెట్టుడు కుదరదు గదా!”

జానీ మియా పంపు పక్కన పెట్టి లేచాడు.

“తేలికగుండాలె” సక్రి వేళ్లు మడుస్తూ చెప్పుకుపోతోంది. “ముంగట, వెనక కుదుపు తెల్వొద్దు. నిండు చూలాలు ఒరిగి కూసునేంత జాగుండాలె. వాగు కాడ దించి ఎత్తే పని ఉండొద్దు. రాత్రిపూటైనా, వానల్నైనా ఆగకుంట పోవాలె. ఉన్నదా గసొంటిది?”

“ఉంది చెల్లె” అన్నాడు జానీ మియా. “కానీ షాపుల అమ్మరు. దాన్ని రోడ్డంటరు.”