జీవమ్మ హద్దురాయి, మంత్రిగారి శిలాఫలకం

"ఎంత గొప్ప రాజ్యానికైనా చట్టం ఒక హద్దు గీస్తుంది. ఆ సంగతి ప్రపంచానికి మన కోడుమూరు నేర్పిస్తుంది!" అని మంత్రి వీరభద్ర మైకులో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అంతర్జాతీయ న్యాయ చరిత్ర పరిశోధన కేంద్రానికి ఆ రోజు శంకుస్థాపన.

ఆ మాటలు రాసిచ్చింది దావీదురాజు, రిటైరైన లా లెక్చరర్. కేంద్రానికి డైరెక్టర్ కావాలని ఆయన ఆశ. అందుకే రెండు ప్రసంగాలు రాసుకొచ్చాడు. చట్టం ముందు రాజ్యం తల వంచాలన్న పాత పండితులు ఎడమ జేబులో, రాజ్య ప్రయోజనం ముందు చట్టమే తల వంచాలన్న అంతే పాత పండితులు కుడి జేబులో. మంత్రిగారి మూడ్ చూసి ఎడమ జేబులోది తీసిచ్చాడు. పాండిత్యమంటే అదీ!

మంత్రిగారు తెర లాగారు. నున్నటి కడప బండ మీద బంగారు అక్షరాలు మెరిశాయి.

"అది నా చేని హద్దురాయి సామీ!" అని జీవమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఎనక చూడండి, మా మామ ఏసేపు చెక్కిన సిలువ ఉండాది. మూడు దినాల నుంచి ఎతుకుతాండా."

నిజమే. బండ తెప్పించే టైం లేక కాంట్రాక్టర్ ఆమె గట్టు మీది రాయినే పీకించాడు. కేంద్రానికిచ్చిన బంజరంతా ముళ్లకంప కాబట్టి స్టేజీ కూడా ఆమె చేను నడిమధ్యే వేయించాడు. అంత పొదుపరిని ప్రభుత్వం సన్మానించాలి.

తహసీల్దారు రికార్డు తిరగేశాడు. "రాయి నీదేనమ్మా, డౌటే లేదు. రూల్ ప్రకారం రాయి యాడుంటే హద్దు ఆడ. నీ భూమి ఈ స్టేజీ దాకానే. అవతల ఎకరా కేంద్రానిది."

"ఉండేదే రెండెకరాలు. నేనేం తినాల?" జీవమ్మ దావీదురాజు వైపు తిరిగింది. ప్రతి ఆదివారం ఆమెతోపాటు ఒకే చర్చిలో ప్రార్థన చేసే మనిషి. "పెద్దసారూ, మీరన్నా చెప్పండి."

ఆయన మనసు చివుక్కుమంది. డైరెక్టర్ కుర్చీ గుర్తొచ్చి సర్దుకుంది. "చట్టం చట్టమే జీవమ్మా. రాయి యాడుంటే హద్దు ఆడే."

"ఆ మాట మీదనే ఉంటారా సామీ?" అని జీవమ్మ మంత్రిగారిని అడిగింది.

"ప్రాణం పోయినా!" అన్నారు మంత్రిగారు, మైకులోనే.

నాలుగు రోజులకు మంత్రిగారి ఫోన్ వచ్చింది.

"ఏమప్పా లెక్చరరూ! ఆయమ్మ చుట్టాలను పిలుచుకొచ్చి, ఆ రాయి పీకి, పక్కనుండే మా మామిడితోట నడిమధ్య నాటేసిండాది. ఆడిదాకా తనదేనంటాది. తహసీల్దారును అడిగితే రూల్ అదేనంటాడు. హద్దు కన్నా రాజ్య ప్రయోజనమే గొప్పదని మీ చరిత్రలో యాడన్నా ఉండాదా?"

దావీదురాజు కుడి జేబు తడుముకున్నాడు.

"శానా ఉండాది సార్. ఏ శతాబ్దంది పంపమంటారు?"