పొగ రాని పొయ్యి

ఆ ఆదివారం మధుసూదన్‌రావు పెట్టుకున్న పని చాలా చిన్నది. కూతురు ప్రమోదిని సంబంధం ఖాయం చేసుకోవడానికి బోథ్ నుంచి పిల్లవాడి తండ్రి రామకిషన్‌రావు పదకొండింటికి వస్తున్నాడు. ఆయన భోజనం ముగించేదాకా ఇంట్లో ఎవరూ పొయ్యి ముట్టించకుండా చూడాలి.

"వియ్యంపునికి పచ్చి బెండకాయలు పెడ్తరా?" అంది భార్య లీలాబాయి.

"ఉల్లిగడ్డలు, పాలకూర సుత. నిన్న క్లబ్బుల డాక్టర్ లింగమూర్తి చెప్పిండు. కూరగాయలల్ల ఫ్లేవనాయిడ్లు ఉంటయట. పేగులకు అమృతం! మంట తగిల్తే ఖతం."

"మొత్తం విన్నరా?"

"సగంల కరెంటు పోయింది. లేచొచ్చిన."

ఏళ్ల తరబడి కడుపుబ్బరంతో వేగుతున్న మనిషికి సగం ఉపన్యాసం చాలు.

మంచిర్యాలలోని ఆ వాడలో తెల్లవారితే ప్రతి వాకిట్లోనూ బొగ్గుపొయ్యి పొగ లేవాలి. పొగ తగ్గాకే దాన్ని వంటింట్లోకి తీసుకుపోతారు. ఆ రోజు రావుగారి వాకిట్లో పొయ్యి చల్లగా పడి ఉంది. ఎదురింటి భూమవ్వ ఎనిమిదింటిదాకా ఓపికపట్టింది. పొయ్యి ముట్టలేదంటే ఇంట్లో ఎవరో పోయినట్టే. పైగా రోజూ అరుగు మీద కూర్చునే రావుగారి తల్లి సరళాదేవి మొన్నటి నుంచి కనిపించడం లేదు. ఆవిడ బాసర వెళ్లిందని భూమవ్వకు ఎవరూ చెప్పలేదు.

"ఓ పెద్దమ్మా! మమ్ముల ఇడిసి పోతివా!" అని భూమవ్వ ఎత్తిన రాగానికి వాడంతా కదిలింది. చావింటికి అన్నం మోసుకుపోవడం అక్కడి పద్ధతి. గంట తిరిగేసరికి పుంటికూర పప్పు, వంకాయ కూర, మెంతికూర, చారు గిన్నెలతో అరుగు నిండిపోయింది. మగవాళ్లు పాడె కట్టడానికి కంకబొంగులు తెచ్చి వాకిట్లో పడేశారు.

చప్పుడుకు మధుసూదన్‌రావు పచ్చి బెండకాయ నములుతూ బయటకు వచ్చాడు.

"మా అమ్మకేం గాలే! బాసర పోయింది, ఇయ్యాలనో రేపో వస్తది!"

పక్కింటి లచ్చయ్య కళ్లు తుడుచుకున్నాడు. "పాపం, సారుకు మతి చెదిరింది. సూడుండ్రి, పచ్చి బెండకాయ తింటుండు."

అంతే, ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు, మరొకడు నెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరించాడు. నిజం చెప్పబోయిన లీలాబాయిని భూమవ్వ గుండెకు హత్తుకుని ఏడ్చింది. నోరు తెరిచే సందు దొరకలేదు.

కబురు విని డాక్టర్ లింగమూర్తి పరుగున వచ్చాడు. తడిసిన మధుసూదన్‌రావు చెవిలో చెప్పినదంతా విని నెత్తి కొట్టుకున్నాడు.

"సగం విని లేచిపోతే గిట్లనే అయితది, రావుసాబ్! ఉడికిచ్చిన నీళ్లు పారబోస్తే సగం గుణం అండ్లనే పోతదన్న. సన్నమంట మీద మూతపెట్టి వండుమన్న. కొన్ని కూరగాయలకైతే జర వేడి తగిల్తేనే ఆ గుణం పేగులకు అందుతది. పొయ్యి ముట్టియ్యద్దని నేనెప్పుడన్న?"

మధుసూదన్‌రావు చుట్టూ చూశాడు. ఇంట్లో మెతుకు వండలేదు. వాకిట్లో పాడె సామాను. చావు మాట రామకిషన్‌రావు చెవిన పడితే ఏడాదిదాకా పెండ్లి ఊసుండదు. ఈ లోగా పిల్లవాడికి వేరే సంబంధం కుదిరిపోతుంది.

వీధి మలుపులో జీపు హారన్ మోగింది.

జీపులోంచి ముందు రామకిషన్‌రావు దిగాడు. ఆయన చెయ్యి పట్టుకుని, ప్రసాదం పొట్లంతో సరళాదేవి దిగింది.

"నిర్మల్ బస్టాండుల కనవడ్డది, బావా. ఎక్కించుకచ్చిన," అన్నాడాయన.

లచ్చయ్య రెండడుగులు వెనక్కి వేసి గోడకు తగిలాడు. భూమవ్వ రాగం గొంతులోనే ఆగింది. రామకిషన్‌రావు చూపు కంకబొంగుల మీద పడింది.

"ఏంది బావా, ఇంక ఖాయమే గాలే, అప్పుడే పెండ్లి పందిరా?"

"ముందుగాల్నే తెచ్చి పెట్టిన," అన్నాడు మధుసూదన్‌రావు, తల మీది నీళ్లు తుడుచుకుంటూ.

"ఇగ గీ గిన్నెలు?"

"మీరస్తుండ్రని వాడంత వండి తెచ్చింది," అంది లీలాబాయి ఊపిరి పీల్చుకుని. భూమవ్వ చెంగుతో ముఖం తుడుచుకుని గబగబా విస్తరి పరిచింది.

రామకిషన్‌రావు మూడుసార్లు పుంటికూర పప్పు వడ్డించుకున్నాడు. తిని లేచి, ఇంతమంది ప్రేమించే ఇంటి పిల్లే తన ఇంటికి కోడలు కావాలని తాంబూలం అందుకున్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు, పెండ్లి వంట కూడా ఈ వాడే చెయ్యాలని.

భూమవ్వ వెంటనే ఒప్పుకుంది. మిగిలిన ఏడుపు మాత్రం అప్పగింతల దాకా దాచుకుంటానంది.