గగన నిర్వాసితులు

ఇకపై మన వ్యోమగాములు సూర్యుడి దయాదాక్షిణ్యాల మీద బతకనక్కర్లేదని అంతరిక్ష శాఖ మంత్రిగారు టౌన్‌హాల్లో ప్రకటించారు. మనుషులుండే మన అంతరిక్ష కేంద్రానికి అణు రియాక్టరే కరెంటిస్తుంది. సూర్యుడిదేముంది, సాయంత్రమయ్యేసరికి డ్యూటీ దిగిపోతాడన్నారు. ఆయన ఇంత లోతుగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. మంత్రిగారి చొక్కాలు కుట్టే దర్జీని కనక ముందు వరుసలోనే కూర్చున్నాను.

ఆ కేంద్రం రోజూ సాయంత్రం మా వీధి మీదుగా పోతోందని మర్నాడు ఎవరో పుకారు పుట్టించారు. నెత్తిన రియాక్టర్ పెట్టుకుని కాపురాలెలా చేస్తామంటూ వీధి వీధంతా మంత్రిగారి గుమ్మం ముందు బైఠాయించింది. పక్కనే ఉన్న వాళ్ల శాఖ శాస్త్రవేత్త, ఒక అమ్మగారు, ఏదో చెప్పబోతే మంత్రిగారు ఆవిడకు మంచినీళ్లిప్పించి కూర్చోబెట్టారు. ఆనక మమ్మల్నందర్నీ 'గగన నిర్వాసితులు'గా గుర్తించి ఇంటికో ఉద్యోగం ప్రకటించారు. భూమి పోయినవాళ్లకిచ్చి ఆకాశం పోయినవాళ్లకివ్వకపోతే అదేం న్యాయమని తనే కళ్లు తుడుచుకున్నారు.

మా ఇంటి ఉద్యోగం మా బావమరిదికొచ్చింది. మనిషి బంగారం, పని ఒక్కటే చేతకాదు. అప్పటిదాకా నా కుట్టుమిషను పక్కనున్న స్టూలే వాడి ఆఫీసు. పోస్టు పేరు రియాక్టర్ వాచ్‌మన్. డాబా మీద కుర్చీ, ఈల, టార్చిలైటు ఇచ్చారు. యూనిఫాం నేనే కుట్టాను. పడమట కేంద్రం తళతళమనగానే సెల్యూట్ కొట్టి, అది కిందికి దిగిపోయేదాకా కనిపెట్టుకుని ఉండి, కరెంటు సక్రమంగా ఉందని ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి. అన్నం తింటున్నా వాడి చూపు ఆకాశం మీంచి కదిలేది కాదు. కూరలో ఉప్పు లేదన్న సంగతి కూడా తెలిసేది కాదు. తమ్ముడు ప్రయోజకుడయ్యాడని మా ఆవిడ మురిసిపోయింది. ఏళ్ల తరబడి కుదరని పెళ్లి సంబంధం వారంలో కుదిరింది.

ఒక సాయంత్రం శాస్త్రవేత్త అమ్మగారు తనిఖీకొచ్చారు. వాడు టార్చి వేసి మరీ కేంద్రాన్ని చూపించాడు.

"అది శుక్రగ్రహం బాబూ."

వాడు టార్చి ఆర్పేశాడు. "మరి మనదేదండీ?"

"ఇంకా ఎగరనే లేదు! రియాక్టర్ షెడ్డులోనే ఉంది. తలుపు ఇరుకై బయటికి రావడం లేదు."

వాడు కుర్చీలో కూలబడ్డాడు. పెళ్లివారికి ఏ మొహం చూపించాలని మా ఆవిడ తల పట్టుకుంది.

మర్నాడు మంత్రిగారి నుంచి వాడికి కబురొచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను. అమ్మగారు అప్పటికే అక్కడున్నారు. మంత్రిగారు కేకలెయ్యలేదు. నువ్వు డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆ గ్రహానికేమైనా అయిందా అని మెల్లగా అడిగారు.

"ఏమీ కాలేదండి."

"మరి కాపలా ఎందుకు తీసెయ్యాలి?"

అంత చదివిన అమ్మగారు ఈసారి మంచినీళ్లు తనే అడిగి తెప్పించుకున్నారు.

మావాడిప్పుడు శుక్రగ్రహానికి సీనియర్ వాచ్‌మన్. పెళ్లివారు డాబా ఎక్కి, గ్రహాన్ని చూసుకుని, తృప్తిగా వెళ్లారు. సంగతి తెలిసి పక్క వీధివాళ్లు కూడా ధర్నాకు దిగితే మంత్రిగారు వాళ్లకు చంద్రుణ్ని కేటాయించారు. ఆ రోజంతా మా ఆవిడ ముభావంగా ఉంది. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగాను.

"వాళ్లకి అమావాస్యకి సెలవు కూడానట," అంది.